ఇరవై ఐదో సాంచ

ఈ ఏడాది మార్కండేయ జయంతి ఊరేగింపులో మహర్షి రథానికి ముందు హనుమాండ్లు సేటు కారు నడుస్తుందని భివండీలోని నార్పోలి నేతవాళ్ల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కారులో పెట్టబోయే పాటల యంత్రం చప్పుడు ప్రతి భక్తుడి గుండెకూ చేరాలనీ, ఆ చేరడం మాటవరసకు కాక నిజంగానే చేరాలనీ తీర్మానంలో రెండో వాక్యం. తేదీ రెండు వేల ఆరు, జనవరి ఒకటి. కొత్త సంవత్సరం మొదటి రోజునే సంఘం ఇంత ముందుచూపు కనబరచడం అంతకుముందు ఎరగం.

తీర్మానానికి కారణం లేకపోలేదు. కిందటేడు, పక్క ఊరు కాశేలిలో గోదాములున్న బుచ్చిరాములు తన జీపుకు రెండు స్పీకర్లు కట్టి ఊరేగింపులోకి దించాడు. జనమంతా జీపు వెంట పోయారు. వెనక రథంలో మహర్షి, పూజారి, ట్రాక్టరు డ్రైవరు ముగ్గురే మిగిలారు. దీన్ని భక్తి తగ్గడంగా అర్థం చేసుకునేంత అమాయకులు సంఘంలో లేరు. చప్పుడు ఎక్కడుంటే భక్తుడు అక్కడుంటాడు, భక్తుడు ఎక్కడుంటే మార్చి నెల ఎన్నికల్లో ఓటు అక్కడే ఉంటుంది. సంఘం అధ్యక్ష పదవికి బుచ్చిరాములు నిలబడుతున్నాడు, హనుమాండ్లూ నిలబడుతున్నాడు. కాబట్టి జీపు కంటే కారు గట్టిగా పాడక తప్పదు.

ఈ తీర్మానం జరిగే వేళకు హనుమాండ్లు కూతురు నేహ ఇంట్లో ట్యూబులైటు కింద కూర్చుని విద్యుత్తు పాఠం చదువుకుంటోంది. పన్నెండో తరగతి, సైన్సు. ఫిబ్రవరి చివర బోర్డు పరీక్షలు. ఆ ఇంట్లో పదో తరగతి గడప దాటిన మొదటి మనిషి ఆమె. అన్న రితేష్ ఆ గడపను మూడుసార్లు పలకరించి, మర్యాదగా వెనక్కి వచ్చి, నాన్న కార్ఖానాలో చిన్న సేటుగా స్థిరపడ్డాడు. నేహకు ఇంజనీరింగు చదవాలని ఉంది. హనుమాండ్లు వద్దనలేదు, అవుననలేదు. "మంచి మార్కులు తెస్తె చూద్దాం, లేకుంటె లేదు" అన్నాడు. చూద్దాం అనే మాటకు ఆ ఇంట్లో ఉన్న అర్థం నేహకు తెలుసు. అందుకే చదువుతోంది.

ఆ ట్యూబులైటు ఊరికే వెలగడం లేదు. భివండీలో కరెంటు కోత రోజూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, పగలు వేరే. ఆరు కొట్టగానే నార్పోలిలో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. సాంచ అంటే మరమగ్గం. పగలంతా ఆ టకటకలో పుట్టి పెరిగిన ఊరు కనుక, చప్పుడు ఆగిన మరుక్షణం ఉయ్యాలలో పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. భార్యాభర్తలు ఒకరి మాట ఒకరికి వినబడేది ఆ మూడు గంటలే కాబట్టి కొట్లాటలు కూడా ఆ మూడు గంటల్లోనే జరుగుతాయి. అటువంటి ఒక కొట్లాటలో నేహ తల్లి పోచమ్మ, పిల్ల చదువుకు ఇన్వర్టరు కావాలని పట్టుబట్టింది. దసరాకు మొదలుపెట్టిన మాట దీపావళికి నెరవేరింది. మంచం కింద పెద్ద బ్యాటరీ, గోడకు ఒక పెట్టె, దాంతో ఒక ట్యూబులైటు, ఒక ఫ్యాను. చలికాలం కనుక ఫ్యాను అక్కర్లేదు. మిగిలిన వెలుగంతా నేహదే.

తీర్మానం జరిగిన మూడో రోజున హనుమాండ్లు, రితేష్ పక్కనున్న ఠాణా నగరానికి బయలుదేరారు. గైడు పుస్తకం కొనుక్కోవాలని నేహ కూడా వెనక సీటులో కూర్చుంది. కార్లలో పాటల యంత్రాలు బిగించే దుకాణం అమోల్‌ది. అమోల్ నార్పోలిలో పుట్టిన మనవాడే. సాంచాల మీద మనసు నిలవక ఠాణా వెళ్లి ఈ విద్య నేర్చుకున్నాడు.

దుకాణంలో అడుగుపెట్టే ముందు హనుమాండ్లు చెప్పులు విడిచాడు. అమోల్ అది భక్తి అనుకున్నాడు. భక్తి కాదు, పని పద్ధతి. ముప్పై ఏళ్లుగా సాంచాల మధ్య తిరిగిన మనిషికి చెవి మీద నమ్మకం పోతుంది. ఏ సాంచ సరిగా నడుస్తోందో, ఏది మొరాయిస్తోందో అతను అరికాళ్లతో తెలుసుకుంటాడు. అమోల్ పాట పెట్టాడు. హనుమాండ్లు నేల మీద కాళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"చాలూ చేసినవా?" అని, మొదలుపెట్టావా అన్న అర్థంలో, అడిగాడు కాసేపటికి.

అప్పటికే పాట సగం అయిపోయింది. అమోల్ చప్పుడు పెంచాడు. పక్క హోటల్లో చాయ్ గ్లాసులు బల్ల అంచు వైపు నడవడం మొదలుపెట్టాయి.

"ఇప్పుడు రెండు సాంచాలు నడిచినట్టున్నది" అన్నాడు హనుమాండ్లు. "నా కార్ఖానాల ఇరవై నాలుగున్నయ్ బిడ్డా."

అమోల్ లోపలికి పోయి, ఇంతవరకు ఎవరూ కొనని ఒక స్పీకరునూ దానికి కరెంటు అందించే యాంప్లిఫయర్‌నూ మోసుకొచ్చాడు. స్పీకరు బియ్యం బస్తా అంత ఉంది. అది మోగగానే పైకప్పు రేకుల మీంచి పావురాలు లేచిపోయాయి. హనుమాండ్లు ముఖంలో ప్రశాంతత వచ్చింది.

"ఇది ఎన్ని హార్స్‌పవర్?"

పాటను హార్స్‌పవర్‌లో అడిగినవాళ్లు అమోల్‌కు ఇంతవరకు తగల్లేదు. అట్టపెట్టె మీద నాలుగు వేల వాట్లని బంగారు అక్షరాల్లో ఉంది. లెక్క కట్టి, ఐదు పైచిల్లర అన్నాడు. సాంచకు ఒక్క హార్స్‌పవర్ మోటారు. అంటే ఐదు సాంచాల బలం డిక్కీలో. బేరం అక్కడికక్కడే కుదిరింది. పెట్టెను వెనక్కి తిప్పి చూసింది నేహ ఒక్కతే. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో అసలు బలం ఆరువందల వాట్లని రాసి ఉంది. స్పీకరు వెనక సీటులో కూర్చుంది కనుక నేహ దాన్ని ఒళ్లో పట్టుకుని భివండీ చేరింది. గైడు పుస్తకం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు సాయంత్రం కోత వేళ, గల్లీ అంతా చీకటిగా ఉండగా ప్రారంభోత్సవం జరిగింది. పాట ఎత్తుకోగానే ప్రతి దెబ్బకూ కారు ముందు లైట్లు మసకబారి మళ్లీ వెలిగాయి. "లైట్లు గూడ ఆడుతున్నయ్‌రా" అని గల్లీ మురిసిపోయింది. అది ప్రత్యేకంగా చేయించిన ఏర్పాటని రితేష్ ప్రకటించాడు. మూడో పాటకు హారన్ మేకపిల్ల గొంతుతో అరిచింది. నాలుగో పాట మధ్యలో యంత్రం మూగబోయింది. ఆ తర్వాత కారు స్టార్టు కాలేదు.

నేహ పుస్తకంలో వేలు పెట్టుకునే బయటకు వచ్చింది.

"బాపు, ఇంజన్ల ఆల్టర్నేటరని ఒకటుంటది. ఇంజన్ తిరుగుతుంటె అది కరెంటు పుట్టిస్తది, నలభై ఐదు ఆంపియర్లు. నీ పెట్టె మింగేది డెబ్బై. తక్కువైన కరెంటంత బ్యాటరీల నుంచి గుంజుతది. ఇంజన్ బంద్ చేసి పాట పెడితె మొత్తం బ్యాటరీ మీదనే పడతది."

హనుమాండ్లు ఓపికగానే విన్నాడు. "ముప్పై ఏండ్ల సంది ఇరవై నాలుగు సాంచాలకు కరెంటిస్తున్న. నాకు కరెంటు నేర్పుతున్నవా? పుస్తకంల కరెంటు వేరు, కార్ఖానా కరెంటు వేరు."

ఆ మాటతో భౌతిక శాస్త్రంలో రెండు శాఖలు ఏర్పడ్డాయి. కార్ఖానా శాఖ తరఫున అమోల్‌ను పిలిపించారు. సమస్య వైరులో ఉందని తేల్చి బొటనవేలంత వైరు వేశాడు. లైట్లు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. అప్పుడు పాల చెంబంత కెపాసిటరు ఒకటి తెచ్చి బిగించాడు. దెబ్బ పడిన క్షణంలో అది కరెంటు అందిస్తుందట. దాని మీద నీలం అంకెలు వెలుగుతాయి. గల్లీలో వాళ్లు పొద్దున్నే వచ్చి, జ్వరం ఎంతుందో చూసినట్టు, అంకె ఎంతుందో చూసి పోయేవాళ్లు. "ఇయ్యాల పన్నెండున్నర" అనేవాడు రితేష్. "పదకొండుకు దిగింది" అన్న రోజున కొందరు మధ్యాహ్నం దాకా దిగులుగా తిరిగారు.

కెపాసిటరు కరెంటు దాచుకుంటుందే గాని పుట్టించదని నేహ చెప్పింది. ఆ సాయంత్రమే అమోల్ కూడా అదే మాట అన్నాడు. మగవాడు, పైగా ఠాణా నుంచి వచ్చినవాడు కనుక ఈసారి అది సైన్సు అయింది. కారులో రెండో బ్యాటరీ పెట్టాలి, పెద్దది పెట్టాలి అని అతను సలహా ఇచ్చాడు. రితేష్ చూపు ఇంటి లోపలికి, మంచం కిందికి పోయింది.

"జయంతి దాకనే" అన్నాడు హనుమాండ్లు. "మహర్షి సేవకు పోతున్న బ్యాటరీ. పుణ్యం పిల్లకే వస్తది."

"పుణ్యంల అక్షరాలు కనబడతయా?" అంది పోచమ్మ చేతిలో కందిపప్పు చేట దించకుండానే. "పిల్ల చదువుకని తెచ్చిన బ్యాటరీ డిక్కీల పెడితె డిక్కీ పాసైతది, పిల్ల కాదు."

"నీకు సంఘం మర్యాద తెల్వదు."

"నాకు ట్యూబులైటు తెలుసు. అది చాలు."

చాలలేదు. ఇద్దరు మనుషులు పట్టుకుని మోస్తే గాని బ్యాటరీ డిక్కీలోకి చేరలేదు. చేరాక కారు వెనక భాగం కుంగి, ముక్కు ఆకాశం వైపు లేచింది. మహర్షి రథానికి ముందు నడవబోయే కారు పైకి చూస్తూ నిలబడటం శుభసూచకమని పూజారి అన్నాడు. ఆ సాయంత్రం నేహ కొవ్వొత్తి పెట్టుకుంది. జడ కొసను కొంచెం కాల్చుకుంది కూడా. దాన్ని ఎవరూ ఏ సూచకమనీ అనలేదు.

ఇక ఆ బ్యాటరీకి కరెంటు నింపాలి కదా. పగలు కరెంటున్న వేళ కార్ఖానాలోంచి వైరు లాగి, చార్జరు పెట్టి, కారు డిక్కీలోకి అందించారు. అందుకు ఒక సాకెట్టు కావాల్సి వచ్చింది. ఆ సాకెట్టు నర్సింహులు నడిపే సాంచది. నర్సింహులు మూడు పూటలు చేతులు కట్టుకుని కారు పక్కన నిలబడ్డాడు. నేసిన మీటర్లకే కూలి అతనికి. "సేట్, నా కూలి గీ కారు గాడినడగాల్నా?" అని అడిగాడు. హనుమాండ్లు ఆలోచించి, జయంతి నాడు అతనికి కారు కుడివైపు తలుపు పక్కన నడిచే గౌరవం ఇస్తానన్నాడు.

ఇంతలో కరెంటు ఆఫీసు నుంచి తనిఖీ సాహెబు వచ్చాడు. కార్ఖానాలోంచి బయలుదేరిన వైరు సరాసరి కారు పొట్టలోకి పోవడం చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఇదేమిటి సేట్? ఇంటి వాడకమా, దుకాణం వాడకమా?"

సాంచాల కరెంటుకు సర్కారు రాయితీ ఉంది. ఇంటికీ దుకాణానికీ లేదు. హనుమాండ్లుకు జవాబు వెతుక్కోవాల్సిన పని పడలేదు.

"సాంచ సాబ్. ఇరవై ఐదోది."

"గుడ్డ ఎక్కడ?"

"ఇది పాట నేస్తది."

సాహెబు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. రితేష్ మర్యాదగా కుర్చీ వేశాడు, చాయ్ ఇచ్చాడు, చాయ్‌తో పాటు ఇవ్వవలసిందీ ఇచ్చాడు. కాగితం మీద ఇలా పడింది: సాంచ నంబరు ఇరవై ఐదు, చక్రాలు నాలుగు, నడుస్తున్న స్థితిలో ఉంది. నిజానికి అప్పుడది నడుస్తున్న స్థితిలో లేదు. అది తప్ప నివేదికలో తప్పేమీ లేదు.

నేహకు కొవ్వొత్తి వెలుగులో పటాల్లోని బాణం గుర్తులు కనబడటం మానేశాయి. వారం రోజులు చూసింది. ఎనిమిదో రోజు కోత పడగానే పుస్తకాలు తీసుకుని నేరుగా కారు దగ్గరికి వెళ్లి వెనక సీటులో కూర్చుని, పైకప్పుకు ఉండే చిన్న బల్బు వేసుకుంది.

"ఏందే ఇది?" అన్నాడు రితేష్.

"బ్యాటరీ ఏడుంటె నేనాడ. దాని తోడ నేను గూడ వచ్చిన."

చీకటి గల్లీలో వెలుగున్న చోటు అదొక్కటే. అయితే కోత వేళే ఊరేగింపు పాటల సాధన వేళ కూడా. డిక్కీలో పెద్ద స్పీకరు, దాని ముందు సీటులో నేహ. చెవుల్లో కార్ఖానా నుంచి తెచ్చిన దూది కుక్కుకుంది. ప్రతి దెబ్బకూ బల్బు మసకబారేది, వీపు కింద సీటు ఎగిరేది. రెండు దెబ్బల మధ్య ఎంత వెలుగుంటుందో చూసుకుని, ఆ సందులో ఒక వాక్యం చొప్పున చదవడం నేర్చుకుంది. భజన పాటలకు చిన్న వాక్యాలు, నెమ్మది పాటలకు పెద్ద సూత్రాలు. ఆ ఏడాది నార్పోలిలో తాళానికి తగ్గట్టు భౌతిక శాస్త్రం చదివిన విద్యార్థి ఆమె ఒక్కతే.

నాలుగో రోజు అమోల్ వచ్చి చప్పుడు కాస్త పల్చబడిందన్నాడు. తీగలన్నీ వెతికాడు. చివరికి పైకి చూసి కారణం కనిపెట్టాడు. "సేట్, బల్బు వెలుగుతున్నది. పవర్ అటు పోతున్నది."

"అన్నా, ఇది పది వాట్లు" అంది నేహ. "మీది ఆరువందలు."

"నాలుగు వేలు" అన్నాడు రితేష్, పరువుకు దెబ్బ తగిలినట్టు.

అప్పటి నుంచి కారులో బల్బు వేళలు నిర్ణయించారు. ఆరున్నర నుంచి ఏడు, ఎనిమిది నుంచి ఎనిమిదింబావు. ఆ విధంగా నేహకు ఇంట్లో కరెంటు ఆఫీసు కోత, కారులో అన్న కోత. ఆఫీసువాళ్లయినా ముందుగా పేపర్లో వేసేవాళ్లు.

జయంతి రానే వచ్చింది. పొద్దున పదింటికి ఊరేగింపు కదిలింది. ముందు కారు, వెనక మహర్షి. మనుషుల నడకతో పోయే కారులో ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగే ఇంజను కరెంటు కూడా నెమ్మదిగానే పుట్టిస్తుంది. ఇది పుస్తకం శాఖ వాదన కనుక ఎవరూ లెక్కచేయలేదు. కార్ఖానా శాఖ అప్పటికే తన ఏర్పాటు తాను చేసుకుంది. కారు వెనక ఒక టెంపో, టెంపోలో డీజిల్ జనరేటరు, జనరేటరు నుంచి కారుకు వైరు. జనరేటరు చప్పుడుకు పాట వినబడలేదు. అందుకని పాట పెంచారు. పాట పెంచేసరికి జనరేటరు చాలలేదు, దాన్నీ పెంచారు. నాకా చౌరస్తా చేరేసరికి మహర్షి స్తోత్రమో, డీజిల్ ఇంజనో తెలియని ఒక మహాధ్వని భివండీ మీద కమ్ముకుంది. బుచ్చిరాములు జీపు మోగుతోందో లేదో దాని పక్కన నడిచేవాళ్లకే అనుమానం వచ్చింది. జనం ఒక్కొక్కరే వచ్చి కారు వెనక చేరారు. హనుమాండ్లు చెప్పులు విడిచి నడుస్తున్నాడు. అందరూ మళ్లీ భక్తి అనుకున్నారు.

మండపం ఇంకా రెండు వీధులుందనగా జనరేటరులో డీజిల్ అయిపోయింది. ఆ భారమంతా మీద పడి కారు ఇంజనూ ఆగింది. పాట మాత్రం ఆగలేదు. ఇంటి బ్యాటరీ ఇంకా పనిచేస్తోంది. పాట ఆపితే ఇంజను తిప్పుకునే బలం దక్కుతుందేమోనని నేహ అన్నది. పాట ఆపడమా అన్నట్టు అందరూ ఆమె వైపు చూశారు. చివరికి నర్సింహులుతో సహా నలభై మంది కార్మికులు కారు వెనక చేతులు వేసి తోశారు. ఉన్న కరెంటంతా పాటకు, ఉన్న కండలన్నీ కారుకు. సంఘం చరిత్రలో అంత మంది ఒకే పనిలో చేతులు కలపడం అదే మొదటిసారి.

మండపం దగ్గర ముఖ్య అతిథి మాట్లాడాలి. కరెంటు లేదు, మైకు లేదు. కారు యంత్రానికే మైకు తగిలించారు. ముఖ్య అతిథి ఆడపిల్లల చదువు మీద యాభై నిమిషాలు మాట్లాడాడు. "ఆడబిడ్డ చేతిలో పుస్తకం పెట్టండి, ఆ పుస్తకం మీద వెలుగు పడేలా చూడండి, ఆ వెలుగే రేపటి సమాజానికి దారి" అన్నాడు. నేహ ఆడవాళ్ల వరసలో కూర్చుని వేళ్ల మీద లెక్క కడుతోంది. ఊరేగింపుకూ ఉపన్యాసానికీ కలిపి ఖర్చయిన కరెంటు ట్యూబులైటుకైతే పది సాయంత్రాలు వచ్చేది. వెలుగు గురించిన భాగం దగ్గరే ఒక సాయంత్రం పోయింది. "ఆడపిల్లను చీకట్లో ఉంచిన ఇల్లు" అన్న చోట బ్యాటరీ చచ్చిపోయింది. ముఖ్య అతిథి దాన్ని చప్పట్ల కోసం వదిలిన విరామంగా భావించి కూర్చున్నాడు.

అట్టడుగు దాకా తోడేసిన ఆ బ్యాటరీ మళ్లీ కోలుకోలేదు. మర్నాడే కొత్త బ్యాటరీ వచ్చింది, కారుకు. ఇంటిది పరీక్షలయ్యాక చూద్దామన్నాడు హనుమాండ్లు. మార్చి ఎన్నికల్లో అతనే గెలిచాడు. కారు తోసిన నలభై మందికీ ఆ కారు తమదే అనిపించింది, ఓటూ తమ కారుకే వేసుకున్నారు.

పరీక్షలకు ఇరవై రెండు సాయంత్రాలు మిగిలి ఉండగా పోచమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. ఆ ఊళ్లో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వెలుగు తప్పకుండా ఉండే చోటు ఏది? పెళ్లి హాలు. మాఘమాసం, ముహూర్తాలు దండిగా ఉన్నాయి, ప్రతి హాలుకూ జనరేటరుంది. పోచమ్మ పట్టుచీర కట్టుకుంది, కూతురికీ కట్టింది, పుస్తకాలు కానుకల సంచిలో పెట్టింది. తల్లీకూతుళ్లు ఎవరి పెళ్లో అడగకుండా లోపలికి నడిచారు. పిల్లవైపువాళ్లు వీళ్లను పిల్లగాడి వైపనుకున్నారు, వాళ్లు వీళ్లను పిల్లవైపనుకున్నారు. నేహ వంటశాల పక్కన స్టీలు పళ్లేల దొంతర వెనక కూర్చుని చదివింది. ఏ హాలులో జనరేటరు వెంటనే అందుకుంటుందో, ఎక్కడ ట్యూబులైటు గింజుకుంటుందో పది రోజుల్లో తెలిసిపోయింది. బ్యాండు మేళం ఆమెకు అడ్డు కాలేదు. ఆరువందల వాట్ల ముందు చదివిన పిల్ల.

అడ్డు వచ్చింది ఆడవాళ్లు. పద్నాలుగో పెళ్లిలో జరీచీర పెద్దావిడ ఒకామె పోచమ్మ పక్కన చేరింది.

"నీ బిడ్డను చాన పెండ్లిళ్లల్ల చూస్తున్న వదినా. పెండ్లి మీద బాగ మనసున్నట్టున్నది."

"మనసు లైటు మీద ఉన్నది" అంది పోచమ్మ.

"ఎవరు, మేళం ముంగట లైట్లు మోసే లైట్‌వాలానా?" అని ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది.

పోచమ్మ ఇంకో లడ్డూ తీసుకుని ఆమె చేతిలో పెట్టి ఆ సంభాషణ ముగించింది. పరీక్షలు మొదలయ్యేలోగా మూడు సంబంధాలు వచ్చాయి. ఆడపిల్లకు మూడు గంటల వెలుగు కావాలంటే పెళ్లి హాలుకు పోవాలి, పోతే పెళ్లి చేసేస్తారు. మన వ్యవస్థ ఎంత పకడ్బందీగా అల్లి ఉందో చూడండి, ఎక్కడా పోగు తప్పలేదు.

మూడింటిలో ఒక సంబంధం హనుమాండ్లుకు నచ్చింది. పిల్లవాడికి సూరత్‌లో నలభై సాంచాలు. "మార్కులు ఎట్లొచ్చినా గిది మంచి సంబంధం" అన్నాడు. చూద్దాం అన్న మాట కూడా ఇప్పుడు మారిపోయింది. నేహ పుస్తకాల సంచి సర్దుకుంది. పరీక్షలు రాసింది, ఫలితాలు వచ్చే దాకా తల్లి పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలిచింది.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. పాసైన పిల్లలను సన్మానించడానికి సంఘం సభ పెట్టింది. అధ్యక్షుడు ఉపన్యసించాలి. హనుమాండ్లు పన్నెండేళ్లప్పుడు భివండీ వచ్చి మరాఠీ బడిలో నాలుగు తరగతులు చదివాడు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. అందుకని అతని ఉపన్యాసాలన్నీ తెలుగు మాటల్ని మరాఠీ అక్షరాల్లో పెట్టి నేహే రాసిస్తుంది. అతను వాటిని ముందుగా చదువుకోడు. గంభీరంగా మొదటిసారి వేదిక మీదే చదువుతాడు. చప్పట్లు కొట్టాల్సిన చోట కాగితం మీద నేహ చుక్క పెడుతుంది, అక్కడ ఆగుతాడు.

సభ ఆరింటికి. ఆరింటికి కరెంటు పోతుంది కనుక కారును తెచ్చి వేదిక ముందు నిలిపారు. కొత్త బ్యాటరీ, నిండా చార్జి. ఇంజను ఆపకుండా ఉంచాలని, వేగం తగ్గనివ్వద్దని నేహ ఈసారి రితేష్‌కు మరీ మరీ చెప్పింది. ఆమె ఆ యంత్రం మీద అంత శ్రద్ధ చూపడం అతనికి సంతోషం కలిగించింది. చప్పుడు చివరి దాకా పెంచమని కూడా చెప్పింది. సాంచాలన్నీ ఆగి ఊరు నిశ్శబ్దంగా ఉంది.

హనుమాండ్లు కాగితం విప్పాడు.

"సంఘం పెద్దలకు, అక్కలకు, అవ్వలకు శనార్తులు. ఈ సంఘం చెప్పేదొకటి, చేసేదొకటి ఎన్నడూ కాదు." చుక్క. చప్పట్లు. "ఆడపిల్ల చదువు గురించి చాన మంది చెప్పిండ్రు. నేను చెప్పను, చేసి చూపిస్త." చుక్క. పెద్ద చప్పట్లు. హనుమాండ్లు గొంతు ఇంకా పెరిగింది. "నా బిడ్డ నేహను ఇంజనీరింగు చదివిస్తనని, నాలుగేండ్లు దాని పెండ్లి మాట ఎత్తనని, మహర్షి సాక్షిగా ఈ సభల మాట ఇస్తున్న."

అక్కడ నాలుగు చుక్కలు ఉన్నాయి. హనుమాండ్లు ఆగాడు. ఆగాక, తాను ఏం చదివాడో నెమ్మదిగా అర్థం కావడం మొదలైంది. అప్పటికే ఆ మాట నాలుగు వేల వాట్లతో నార్పోలి దాటి గైబీ నగర్ మీదుగా పోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. బుచ్చిరాములు కూడా లేచాడు, లేవకపోతే బాగుండదని. వేదిక పలకలు అదిరి హనుమాండ్లు అరికాళ్లకు తగిలాయి. ఆ అదురు ఇరవై నాలుగు సాంచాలు ఒక్కసారి నడిచినట్టు ఉంది. అతని ముఖంలో ప్రశాంతత వచ్చింది.

"మల్ల ఒక్కసారి చెప్పు సేట్" అని వెనక నుంచి నర్సింహులు అరిచాడు. హనుమాండ్లు మళ్లీ చెప్పాడు, ఈసారి కాగితం చూడకుండా.

చదువు వేళల్లో వెలుగిచ్చిన ఆ కారే పిల్ల పాసవడానికి మూలమని తర్వాత మాట్లాడిన ఉపాధ్యక్షుడు వివరించాడు. హనుమాండ్లుకు శాలువా, రితేష్‌కు కొబ్బరికాయ, అమోల్‌కు జ్ఞాపిక ఇచ్చారు. పన్నెండో తరగతిలో ఆడపిల్లలున్న తండ్రులు డిక్కీ చుట్టూ చేరి, అటువంటి యంత్రం తమ కార్లకూ బిగించడానికి ఎన్ని రోజులు పడుతుందని అమోల్‌ను అడిగారు. ఫోటో తీసేటప్పుడు నేహను కూడా పిలిచారు. ఆమె వచ్చి కారు ముందు నిలబడింది.

"అమ్మా, జరంత పక్కకు జరుగు" అన్నాడు ఫోటోగ్రాఫరు. "గాడి కనబడతలేదు."

ఆమె జరిగింది. చేతిలో మడత పెట్టిన మార్కుల కాగితం ఉంది. అందులో ఎంత ఉందో ఆ సభలో ఒక్కరూ అడగలేదు. వాళ్లను అని ఏం లాభం? కారులో ఉన్నది ఎన్ని వాట్లని ఇప్పుడు మిమ్మల్ని అడిగితే తడుముకోకుండా చెబుతారు. పిల్లకు ఎన్ని మార్కులొచ్చాయని ఇంత దాకా చదివిన మీరు మాత్రం ఎక్కడ అడిగారు గనుక.